మాట నోరు దాటిన పిదప



2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన ఈ శ్రీవిజయపురమున అబర్డీన్ బజారు ఈ కొసనుండి ఆ కొసకు నడచులోపల బెంగాలీ, హిందీ, తమిళము, తెలుగు, మలయాళము చెవినిబడుచునే యుండును. 2011 జనగణన ననుసరించి ఈ అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మందికి తెలుగే తల్లిభాష. ఇన్ని భాషలు ఒకే రేవున కలియుచోట మాట పొరపడుట వింత గాదు. పొరపడిన మాట బరువును ఎవరు మోయవలె ననునదే, భాషాశాస్త్రమును జీవితవ్యాసంగముగా చేసికొనిన నేను ఈ సాయంకాలము మీ ముందుంచదలచిన ప్రశ్న.

ఒక్క పదమును చూడుడు. ‘అవసరము’ సంస్కృతమున సమయము, సందర్భము, హిందీవారికిని మలయాళీలకును అది అవకాశము, తమిళులకు తొందర, తెలుగువారమైన మనకు అక్కర. పొరుగింటి తమిళుడు పరుగున పోవు మనవానిని చూచి ‘ఉనక్కెన్న అవసరం’ అని ఆప్యాయముగా అడిగినచో, ‘నీకేమి తొందర’ అనియే ఆతని భావము. మనవాని చెవికి మాత్రము అది ‘నీకెందుకు’ అను కసరువలె తోచును. పలికినవాని హృదయమున దోషము లేదు, విన్నవాని చెవియందును లేదు. అయినను నొప్పి నిజము. దోషము లేనిచోట బాధ్యతయు నుండదని మనము భ్రమపడుదుము. అయినను తప్పెవరిదని తేల్చుకొనుటకు ముందే, ‘నా మాట మిమ్ము నొప్పించినదా’ యని అడుగుటకు పలికినవాడే అడుగు ముందుకు వేయవలెను.

అర్థము పొరపడిన మాటకంటె మొరటుగా అనిన మాట బరువైనది. కొన్నేండ్ల క్రిందట జంగ్లీఘాట్ రేవునొద్ద, శ్రీకాకుళపు తీరమునుండి వచ్చి సముద్రపు వేటతో జీవించు ఒక వృద్ధుని యింట పదసేకరణము చేయుచు, ఆయన ‘ఏటి బాబూ’ అనగానే, ‘ఏటి కాదు తాతా, ఏమిటి అనవలె’ నని మనుమల యెదుట దిద్దితిని. పిల్లలు నవ్విరి, ఆయన ముఖము చిన్నబోయెను, ఆ పూట మరి పదములు రాలేదు. ఆ శ్రీకాకుళ ప్రాంతముననే పుట్టి, వాడుకభాష గౌరవమునకై పోరాడి, సవరల భాష నేర్చి దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన గిడుగు రామమూర్తిగారి కృషిని ఎరిగిన నేనే, ఒక పెద్దమనిషి తల్లిభాషను ఆయన యింటనే కించపరచితిని.

ఆ రాత్రి నాకు నేను చెప్పుకొనిన సమాధానము లివి: నా యుద్దేశ మది కాదు, నేను ముక్కుసూటి మనిషిని, నొప్పి కలిగియున్నచో ఆయన మన్నించును గాక. మొదటిది నా మనస్సును గూర్చినది, రెండవది నా స్వభావమును గూర్చినది, మూడవది ‘కలిగియున్నచో’ అనుచు ఆయన నొప్పినే శంకించునది. వీనిలో ఏ ఒక్కటియు ఆ బరువును భుజమునకెత్తుకొనునది కాదు. ఎదుటివాని తప్పును ముక్కుసూటిగా చెప్పువాడు తన తప్పునుగూడ అంత సూటిగా చెప్పగలిగిననే ఆ గుణము గుణమనిపించుకొనును.

మరునాడు పోయి, ఆ పిల్లల యెదుటనే, ‘తాతా, నిన్న నేనన్నది తప్పు. ఏటి యన్నది మీ సీమ మంచి తెలుగు. దానిని దిద్దు నధికారము నాకు లేదు’ అంటిని. ఆయన వల బాగుచేయుచునే, ‘పిల్లల కాడ సెప్పినావు గదా బాబూ, సాలు’ అనెను. అన్నచోటనే, విన్నవారి యెదుటనే, అన్న మాటను పేరుపెట్టి ఒప్పుకొనవలెనని ఆయన వలన నేర్చితిని.

వ్యక్తులవలెనే సమాజములకును ఈ ఋణము కలదు. ‘జారవా’ యనునది ఈ ప్రాంతమున ఒకప్పుడు పలుకబడి నశించిన అకా-బేయ భాషాపదము. పరాయివారని దాని అర్థము. తమ్ము తాము ‘అంగ్’ అని చెప్పుకొను జనులను, వారి అడవిలోనే, మనము నేటికిని పరాయివారని పిలుచుచున్నాము. ఆ పేరు మనము పెట్టినది కాదనుట నిజమే. కాని దినదినమును దానిని పలుకుచున్నది మన నోరే.

ఈ దీవులలోనిదే యగు బో భాష నెరిగిన కడపటి మనిషి, బోవా సీనియర్, 2010 జనవరి 26న కన్నుమూసెను. ఆమెతోడనే ఆ భాషయందు మన్నింపు కోరు దారియు మూసికొనిపోయెను. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని పెద్దలు చెప్పిరి. మాటను తీసికొనలేము, దాని బరువును మాత్రము తీసికొనగలము, అదియు వినువారున్నంతవరకే. ఈ రాత్రి ఇండ్లకు పోవు దారిలో, ఎన్నడో మీ మాటచేత మూతపడిన గడప యున్నచో, అచ్చట ఒక్క నిమిషము ఆగి తలుపు తట్టుడు.