మందుల చదువులో భౌతికశాస్త్రం



ఫార్మసీ, నర్సింగు చదువులకు వెళ్ళే పిల్లలలో పలువురు భౌతికశాస్త్రాన్ని పరీక్షతో వదిలించుకోవలసిన బరువుగా భావిస్తారు. తప్పు వారిది కాదు. పాఠంలో దిమ్మె వాలుతలంపై జారుతుంది, బంతి పైకి ఎగురుతుంది; రోగి మాత్రం కనిపించడు.

సెలైన్ సీసాను ఎత్తున ఎందుకు వ్రేలాడదీస్తారు? పాదరసం నీటికన్న 13.6 రెట్లు సాంద్రమైనది. కనుక మీటరు ఎత్తు నీటిస్తంభపు పీడనం సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. సిరలోని పీడనాన్ని మించడానికి అది చాలు. సీసాను చేతికన్న క్రిందికి దించితే రక్తమే గొట్టంలోకి ఎదురు వస్తుంది.

ఇక సూది మాట. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని 1840 ప్రాంతంలో నిరూపించిన ప్వాజెయ్ స్వయంగా వైద్యవిద్య చదివిన ఫ్రెంచివాడు. రక్తప్రసరణపై ఆసక్తియే ఆయనను ఆ ప్రయోగాలకు పురికొల్పింది. వ్యాసార్ధం సగమై, తక్కినవి మారకుంటే, ప్రవాహం పదహారవ వంతుకు పడిపోతుంది. అధిక రక్తస్రావమైన రోగికి సన్నని సూది అమర్చితే సీసా ఎంత ఎత్తినా ఆ లోటు తీరదు.

లెక్కలు తగ్గించమని కాదు ఈ మనవి. 'పీడనం' మాతృభాషలో బోధపడిన విద్యార్థికి కళాశాలలో 'ప్రెషర్' అన్న పేరొక్కటే క్రొత్త. రెండు కొలతల గొట్టాలు, ఒక సీసా, గడియారం ఉంటే ఈ పాఠాన్ని తొమ్మిదవ తరగతిలోనే ఆరంభించవచ్చు.