ఇంట్లో న్యాయం మాటేమిటి?
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడగల సమర్థులు మనలో చాలామందే ఉన్నారు. నేను మరో ప్రొఫెసరుగారి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆమె పేరు సూసన్ మోలర్ ఓకిన్.

ఆమె 1946లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పుట్టారు. అమెరికాలో బ్రాండైస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు. 2004లో, యాభై ఏడేళ్లకే కన్నుమూశారు. 1979లో వెలువడిన మొదటి పుస్తకంలో ప్లేటో, అరిస్టాటిల్, రూసో, మిల్ స్త్రీల గురించి ఏమన్నారో పరిశీలించారు. మగవాడి విషయంలో అతని శక్తిసామర్థ్యాలేమిటని ఆలోచించిన తత్త్వవేత్తలు, ఆడదాని దగ్గరకు వచ్చేసరికి ఆమె దేనికి పనికొస్తుందని మాత్రమే చూశారని తేల్చారు.

1989లో రెండో పుస్తకం వచ్చింది. అంతకు ముందు, 1971లో, జాన్ రాల్స్ అనే తత్త్వవేత్త ఒక మాట చెప్పారు. సమాజంలో రేపు మనం ధనికులమవుతామో పేదలమవుతామో తెలియకుండా నియమాలు రాసుకుంటే, అవి న్యాయంగా ఉంటాయని. ఓకిన్ ఆ మాటనే ఇంటిలోకి తెచ్చారు. రేపు మీరు భర్త అవుతారో భార్య అవుతారో తెలియదనుకోండి. ఇప్పటి మన ఇంటి పద్ధతుల మీద సంతకం పెడతారా? పిల్లలు న్యాయం మొదట నేర్చుకునేది ఇంట్లోనే, ఆ ఇంట్లోనే న్యాయం లేకపోతే ఎక్కడ నేర్చుకుంటారని ఆమె ప్రశ్న.

ఒకరు సంపాదించి, మరొకరు ఇల్లు చూసుకునే సంసారాల్లో, జీతాన్ని యజమానే చెరిసగం చేసి ఇద్దరి పేర్లా ఇవ్వాలని ఆమె సూచించారు.

"మా ఇంట్లో డబ్బంతా ఆవిడ చేతిలోనే ఉంటుందమ్మా" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఉండవచ్చు. కానీ ఖర్చు పెట్టే బాధ్యత వేరు, హక్కు వేరు. ఈ తేడా పెన్షనర్లకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఏమంది? పెన్షన్ ప్రభువుల దయాభిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అంది. ఏటా ఆ రోజున పండగ చేసుకుంటున్నాం. మరి మీరు ఉదయాన్నే ఆఫీసుకు వెళ్లగలిగేలా వంట వండి, పిల్లల్ని పెంచి, అత్తమామలకు సేవచేసిన మనిషిది సర్వీసు కాదా?

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పని చేస్తుంది. చేసే పురుషుడు 97 నిమిషాలు. పైగా ఆ పని అసలు చేసే పురుషులు నూటికి 26 మందే.

సంసారంలో చట్టానికేం పని అంటారా? పెళ్లి, విడాకులు, వారసత్వం అన్నీ చట్టం గీసినవే కదా అని ఓకిన్ జవాబు. మన రాష్ట్రంలో 1986 నాటి సవరణ చట్టం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటా ఆడపిల్లలకు వచ్చింది. సంసారాలేమీ కూలిపోలేదు. భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో గృహిణికి సమాన వాటా ఉందని 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది.

భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వచ్చే చెల్లెళ్లలో కొందరు అక్కడ మొదటిసారి సంతకం పెడుతున్నవారే. ఆ దుఃఖంలో, ఆ వయసులో, పి.పి.ఓ. ఎక్కడుందో తెలియక వాళ్లు పడే అవస్థ మనకందరికీ తెలుసు. అందుకే సోదరులకు నా విన్నపం. ఈ వారమే ఇద్దరూ కూర్చుని కాగితాలన్నీ చూడండి. ఖాతా జాయింటు చేయండి. ఇల్లో స్థలమో అమ్మాలనుకుంటే ఆమె మాట ముందు అడగండి. అది దయ అనుకోకండి, ఆమె సర్వీసుకు బకాయి అనుకోండి.