రుజువు ఏదీ అంటే చూపించడానికి మన దగ్గర లెక్క ఉండాలి



పోయిన ఏడాది మా గూడెం పెద్దమనుషులతో కలిసి ఒక ఆఫీసుకు పోయాను. వాగు నీళ్ళు రంగు మారాయి, పిల్లలకు ఒంటి నిండా పుండ్లు లేస్తున్నాయి అని చెప్పాం. ఆఫీసరు కాగితం పక్కన పెట్టి, "వాగు నీళ్ళ వల్లనే అని రుజువు ఏదీ?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. నాకు మస్తు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్నలో తప్పు లేదనిపించింది. మన నోరు మూయించడానికి దాన్ని వాడటమే తప్పు. అందుకే ఇవాళ ఆ ప్రశ్న గురించే మాట్లాడతా.

ఒక జబ్బు నీళ్ళ వల్ల వచ్చిందని ఎట్లా తేలుస్తారు? ఫ్లోరైడ్ సంగతి చూడండి. నల్గొండ జిల్లాలో నడుములు వంగిపోయిన మనుషుల ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఈ జబ్బు గురించి డాక్టర్లు 1937లోనే, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసి రాశారు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే, ఎన్ని ఏళ్ళు తాగితే, జబ్బు అంత ముదురుతుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లల పళ్ళ మీద మచ్చలు వస్తాయి. మంచి నీళ్ళున్న ఊరి నుంచి పెద్దయ్యాక కోడలిగా వచ్చిన ఆమె పళ్ళకు ఆ మచ్చలు రావు. ఆమె పళ్ళు పుట్టింటి నీళ్ళు తాగి తయారయ్యాయి కాబట్టి. నీళ్ళు మారిస్తే, ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు బాగుంటాయి. ఇన్ని వైపుల నుంచి ఒకే మాట వచ్చాక ఇంక అనుమానం ఎక్కడిది?

అన్ని జబ్బులూ ఇంత తేలిగ్గా తేలవు. జార్ఖండ్‌లో జాదుగూడ ఉంది. సంతాల్, హో ఆదివాసుల నేల. 1967 నుంచి అక్కడ యురేనియం తవ్వారు. యురేనియం తీసుకున్నాక మిగిలిన బురదను ఊళ్ళ పక్కనే చెరువుల్లాంటి వాటిలో నింపారు. ఆ బురదలో రేడియం లాంటివి ఉంటాయి. రేడియేషన్‌కు రంగు లేదు, వాసన లేదు. పిల్లలు వైకల్యంతో పుడుతున్నారని జనం మొత్తుకుంటే, రేడియేషన్ వల్ల కాదని యాజమాన్యం చెప్తూ వచ్చింది.

2007లో ఒక డాక్టర్ల సంఘం అక్కడ ఇంటింటి సర్వే చేసింది. గనుల దగ్గరి ఊళ్ళల్లో, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఊళ్ళల్లో వివరాలు అడిగి పోల్చింది. వైకల్యంతో బిడ్డ పుట్టిందని దగ్గరి ఊళ్ళల్లో 4.49 శాతం తల్లులు, దూరపు ఊళ్ళల్లో 2.49 శాతం తల్లులు చెప్పారు.

దూరపు ఊళ్ళు ఎందుకు అడిగారు? వైకల్యంతో పిల్లలు ఎక్కడైనా పుడతారు. పోల్చడానికి ఇంకో ఊరు లేకపోతే మన అంకె ఒంటరిది. ఆ సర్వేకూ ఒక లోటు ఉంది. తల్లులు గుర్తు చేసుకుని చెప్పిన వివరాలవి. ఎవరి ఒంట్లోకి ఎంత రేడియేషన్ పోయిందో అందులో కొలవలేదు. ఆ లోటును మనమే ముందు ఒప్పుకోవాలి. కానీ "రుజువు కాలేదు" అనే మాటను "హాని లేదు" అనే మాటగా మార్చేస్తే మాత్రం ఊరుకోవద్దు. ఆ రెండింటికీ చాలా దూరం ఉంది. కొలవాల్సిన బాధ్యత తవ్వేవాళ్ళది, సర్కారుది. కొలవకుండా రుజువు లేదంటే ఎట్లా?

ఇంకో సంగతి మరవొద్దు. 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ నల్లమలలో యురేనియం వద్దని తీర్మానం చేసింది. చెంచులు, చుట్టుపక్కల జనం కొట్లాడితే వచ్చిన తీర్మానం అది. అక్కడ ఎవరి బిడ్డనూ రుజువుగా చూపాల్సిన పని పడలేదు. ప్రమాదం తెలిసినప్పుడు జబ్బు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

చదువుకున్న పిల్లలుగా మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి గూడెంలో ఒక నోటుబుక్కు పెట్టండి. పుట్టిన బిడ్డ, పోయిన ప్రాణం, నిలవని కాన్పు, విడవని జబ్బు అన్నీ తేదీతో రాయండి. ఏ బోరు నీళ్ళు, ఏ పని, ఎన్నేళ్ళ నుంచి అన్నది కూడా రాయండి. బీడీ, సారా, మలేరియా, తిండి లేకపోవడం దాచకండి. రేపు వాళ్ళు వాటినే కారణం అంటారు. దూరపు గూడెంలో కూడా ఇట్లాగే రాయించండి. ఇంటివాళ్ళను అడగకుండా వాళ్ళ పేర్లు బయటపెట్టకండి. గని గానీ ఫ్యాక్టరీ గానీ రాకముందే మొదలుపెట్టండి. వచ్చాక రాస్తే ముందు ఎట్లుండేదో ఎవరు చెప్తారు?

మా గూడెంలో నోటుబుక్కు మొదలైంది. మొదటి పేజీలో ఆ పుండ్ల పిల్లల వివరాలే ఉన్నాయి. ఈసారి ఆఫీసుకు పోయినప్పుడు అది నా సంచిలో ఉంటుంది.

జై ఆదివాసీ.