ఏ మహిమ కోరుకుంటారు?

వైద్యం, నర్సింగ్, ఫార్మసీ పట్టాలు అందుకోబోతున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

హాస్టల్లో కరెంటు పోయిన రాత్రుల్లో తప్పకుండా వచ్చే వాదన ఒకటుంది. ఒకే ఒక్క సూపర్‌పవర్ ఇస్తానంటే ఏది తీసుకుంటావు? ఎగరడం అని ఒకరంటారు, మాయమైపోవడం అని ఇంకొకరు, ఎదుటివాళ్ల మనసు చదవడం అని మరొకరు. తెల్లవారినా తేలదు. అది ఉత్త కాలక్షేపమని నేననుకోను. మనిషి ఏ శక్తి కోరుకుంటున్నాడో చెబితే, లోకంలో అతనికి ఏది లోటుగా కనిపిస్తోందో తెలిసిపోతుంది. అందుకే ఇవాళ ఆ వాదనలో నేనూ ఒక పక్షం తీసుకుంటాను.

ముందుగా మాయమైపోవడం. కంటిలోని రెటీనా వెలుతురును పట్టుకుంటేనే మనకు చూపు. వెలుతురంతా మనలోంచి అడ్డు లేకుండా దూసుకుపోతే మనం ఎవరికీ కనిపించం, మనకూ ఏదీ కనిపించదు. ఆ చిక్కును పక్కన పెట్టినా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది. సుమారు 2,400 ఏళ్ల కిందట ప్లేటో తన 'రిపబ్లిక్'లో గైజిస్ ఉంగరం కథ చెప్పాడు. ఉంగరం తిప్పి మాయమయ్యే విద్య దొరికిన గొర్రెలకాపరి రాజును చంపి రాజ్యం కాజేస్తాడు. ఎవరూ చూడరని తెలిసినప్పుడు మనిషి నీతిగా ఎందుకుండాలి అన్నది అక్కడి చర్చ. ఈ చర్చ మీకు పరాయిది కాదు. మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టిన రోగి ముందు మనం రోజూ అదృశ్యులమే. అక్కడ మనం ఏం మాట్లాడుకున్నామో, ఏం దాటవేశామో రోగి ఎన్నడూ చూడడు. ఆ మహిమ మీకు ఇప్పటికే చేతికొచ్చింది, కొత్తగా అడగాల్సిన పని లేదు.

ఎగరడం గురించి ఎక్కువ చెప్పను. హాయిగానే ఉంటుంది, కాని ఆ హాయి ఎగిరేవాడికి మాత్రమే. మనసు చదవడం వైద్యులకు పెద్ద ఆశ. రోగి నోరు తెరవకముందే బాధ తెలిసిపోతే ఎంత సుఖం అనిపిస్తుంది. అయితే అడగకుండానే తెలిసిపోతే మనం అడగడం మానేస్తాం, రోగికి చెప్పుకునే చోటు లేకుండా పోతుంది. చెప్పుకోవడంలోనే సగం ఊరట ఉందని మీరు వార్డుల్లో చూసే ఉంటారు. దివ్యదృష్టి అంటారా, కురుక్షేత్ర యుద్ధానికి ముందు వ్యాసుడు దాన్ని ఇవ్వబోతే ధృతరాష్ట్రుడే వద్దన్నాడు. తీసుకున్న సంజయుడు అంతా చూశాడు, ఒక్క మరణాన్నీ ఆపలేకపోయాడు.

ఈ సభలో ఓట్లు వేయిస్తే గెలిచేది ఏదో నాకు తెలుసు. తాకితే చాలు జబ్బు నయమయ్యే చేయి. నేను పిల్లల వైద్యుణ్ణి. ఆ చేయి కావాలని కోరుకోని పిల్లల వైద్యుడు ఉండడు. అందుకే దీనిని మిగతావాటిలా రెండు మాటల్లో దాటవేయలేను.

నిజంగానే ఆ చేయి మీకొచ్చిందనుకుందాం. నిద్ర లేదు, తిండి లేదు, నిమిషానికి ఒకరిని తాకుతూనే ఉంటారు. రోజుకు 1,440 మంది. ఏడాదికి 5 లక్షల 25 వేల పైచిలుకు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు 8 కోట్ల 40 లక్షలకు పైనే. అందరినీ ఒక్కసారి తాకడానికి 160 ఏళ్లు పడుతుంది. ఈలోగా మీ ఇంటి ముందు క్యూ మొదలవుతుంది. ఆ క్యూలో ముందెవరు? పాడేరు కొండల్లోంచి బిడ్డను ఎత్తుకుని నడిచి వచ్చిన తల్లా, కారులో వచ్చినవాడా? క్యూను అదుపు చేయడానికి మనుషులు వస్తారు, ఆ మనుషుల వెనక పలుకుబడి వస్తుంది, చివరికి మీ చేయి ఎవరో ఒకరి సొత్తవుతుంది. ఒక్కరి దగ్గరే ఉండే మహిమ ఎంత గొప్పదైనా దానికి గేటు తప్పదు, ఆ గేటు దగ్గర కాపలావాడూ తప్పడు.

మనవాళ్లు ఈ సంగతి ఎప్పుడో ఆలోచించారు. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో కచుడి కథ ఉంది. చనిపోయినవారిని లేపే మృతసంజీవని రాక్షసుల గురువు శుక్రాచార్యుడికి ఒక్కడికే తెలుసు. ఆ విద్య నేర్చుకు రమ్మని దేవతలు బృహస్పతి కొడుకు కచుణ్ణి పంపుతారు. రాక్షసులకు అతనంటే పడదు. చంపుతారు, కూతురు దేవయాని బతిమాలితే శుక్రుడు బతికిస్తాడు. చివరికి వాళ్లు కచుణ్ణి కాల్చి, ఆ బూడిద సురలో కలిపి గురువుతోనే తాగిస్తారు. ఇప్పుడు శిష్యుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. అప్పుడు శుక్రుడు కడుపులో ఉన్నవాడికి విద్య ఉపదేశిస్తాడు. కచుడు బయటపడి, చనిపోయిన గురువును అదే విద్యతో లేపుతాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అంతకాలం ఎందరినో బతికించిన శుక్రుణ్ణి, తనకొక్కడికే తెలిసిన విద్య బతికించగలిగేది కాదు. ఇంకొకరికి నేర్పాడు కాబట్టి ప్రాణంతో లేచాడు.

కథ అక్కడితో ఆగదు. తనను పెళ్లాడనన్నందుకు దేవయాని, నేర్చిన విద్య నీకు పనిచేయకుండా పోవాలని శపిస్తుంది. సరే, నాకు పనిచేయకపోతే నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుంది అని చెప్పి కచుడు స్వర్గానికి వెళ్లిపోతాడు. నా పక్షం ఇదే. ఒకే మహిమ కోరుకోమంటే నేను కచుడి మహిమ కోరుకుంటాను.

ఆ మహిమ ఎలా ఉంటుందో మన కాలంలోనే ఒకసారి కనిపించింది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బనగావ్ శిబిరాల్లో కలరా వ్యాపించింది. కలరాకు అప్పటి వైద్యం నరానికి ఎక్కించే సెలైన్. అది చాలినంత లేదు, ఎక్కించే మనుషులూ లేరు. ఆసుపత్రి నేల మీద రోగుల మధ్య అడుగు పెట్టడానికి చోటు లేదు. అక్కడికి వెళ్లిన వైద్యుడు దిలీప్ మహలనబిస్. ఆయన కూడా పిల్లల వైద్యుడే.

కలరా విషం పేగును లోపలి నీళ్లన్నీ బయటికి వదిలేసేలా చేస్తుంది, ఉప్పును పీల్చుకోనివ్వదు. అయితే గ్లూకోజ్‌తో కలిసి వచ్చిన సోడియాన్ని పేగు అప్పుడూ లోపలికి తీసుకుంటుంది. సింహద్వారం మూసేసిన ఇంటికి పెరటి గుమ్మం తెరిచి ఉన్నట్టు. సోడియం వెంట నీళ్లూ వెళతాయి. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు, 1968 నాటికి ఢాకాలో కలరా రోగుల మీద రుజువైంది కూడా. కాకపోతే నిపుణులు దగ్గరుండి చూసుకునే వార్డుల్లోనే అది చేయాలన్నది అప్పటి నమ్మకం. మహలనబిస్ లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున ప్యాకెట్లు కట్టించాడు, డ్రమ్ముల్లో కలిపించాడు. రోగుల తల్లుల చేతికి, అన్నదమ్ముల చేతికి గ్లాసులిచ్చి తాగించమన్నాడు. అంతకుముందు అక్కడ వందకు ముప్పై మంది దాకా పోయేవారు. ఈ ద్రావణం మీద ఉన్నవారిలో మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి.

ఈ లెక్కలో ఉప్పుకూ గ్లూకోజ్‌కూ ఎంత భాగముందో, ఆ గ్లాసు పట్టుకున్న తల్లికీ అంత భాగముంది. నయం చేసే చేయి ఒక్కటి కాదు, శిబిరంలో ఎన్ని కుటుంబాలుంటే అన్ని చేతులు.

తర్వాత బంగ్లాదేశ్‌లో జరిగింది నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. 1980 నుంచి 1990 దాకా బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు, ఎక్కువగా ఆడవాళ్లు, కాలినడకన ఇంటింటికీ తిరిగి కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు ఈ ద్రావణం కలపడం నేర్పారు. ప్యాకెట్ కూడా లేదు. మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు. చెప్పి వెళ్లిపోలేదు, తల్లి చేతనే కలిపించారు. ఆడవాళ్లకు మాత్రమే చెబితే ఇంట్లో సాగడం లేదని తెలిసి మగవాళ్లతోనూ కూర్చుని మాట్లాడారు. కొన్ని వారాల తర్వాత మరొకరు వచ్చి కొన్ని ఇళ్లలో, నీకేం గుర్తుంది అని అడిగేవారు. ఆ తల్లి ఎంత బాగా చెబితే నేర్పిన కార్యకర్తకు అంత జీతం. చెప్పానన్నదానికి కాదు, ఎదుటివారికి వచ్చిందన్నదానికి జీతం! మన కాలేజీల్లో, ఆచార్యులు క్షమించాలి, ఇలాంటి కొలబద్ద నేనింకా చూడలేదు.

అన్నీ అందరికీ నేర్పేస్తే మా విలువేం కావాలి అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేస్తాను. 1925లో ఆయన, సైరస్ ఫిస్కే కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వివరంగా ప్రచురించారు. దశాబ్దాల పాటు దేశదేశాల ప్రయోగశాలల్లో ఎవరెవరో దాన్ని వాడుకున్నారు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఆయన పేరు ఆ పద్ధతితో పాటే తిరిగింది.

సిజేరియన్ ఎలా చేయాలో ఇంటింటికీ నేర్పమని నేననడం లేదు. కాని ఏ లక్షణం కనిపిస్తే గర్భిణిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలో ప్రతి ఇంటికీ తెలియాలి. ఎక్కడ ఆపాలన్న తెలివి మీ చదువు మీకిచ్చింది. నేర్పిన దానికి కాపలా కాయడమూ మీ పనే. పిల్లాడికి విరేచనాలైతే ఆ ఉప్పు, గ్లూకోజ్ ద్రావణాన్ని, అంటే ఓఆర్‌ఎస్‌ను, అడగాలని తల్లులు నేర్చుకున్నారు. దుకాణాల్లో ఆ మూడక్షరాల పేరు పెట్టుకున్న తియ్యని పానీయాలు వాళ్ల చేతికి వచ్చాయి. పంచదార ఎక్కువైతే అది పేగులోకి నీళ్లు లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అలాంటి పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లికి వచ్చిన విద్యను చెడగొట్టడం ఎంత తేలికో, దాన్ని నిలబెట్టడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది సుమారు 61 శాతానికి. బనగావ్ తర్వాత యాభై ఏళ్లకు కూడా పదిమందిలో నలుగురికి అందలేదు. మీలో కొందరు కొద్ది నెలల్లోనే పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో చేరతారు. కొందరు మందుల షాపు కౌంటరు వెనక నిలబడతారు. విరేచనాలైన బిడ్డతో ఒక తల్లి వస్తుంది. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలనీ, గ్లాసుకు కాస్త చొప్పున వేయకూడదనీ, ఒక రోజు దాటితే పారబోయాలనీ, జింక్ 14 రోజులు మానకుండా ఇవ్వాలనీ చెప్పండి. చెప్పాక ఆమె చేతే ఒకసారి కలిపించండి. తప్పు చేస్తే విసుక్కోకుండా మళ్లీ చూపించండి, పక్కనున్న నాయనమ్మకూ వినబడేలా. ఓపీ నిండా జనం ఉంటారు, టైము లేదనిపిస్తుంది. ఐదు నిమిషాలు పడుతుంది, తీసుకోండి.