దూరప్రయాణమునకు పందెపు మోటారుసైకిలు

మా అక్కగారి ఇల్లు మోతెలో ఉన్నది. ఆమె కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. ఇటీవల అతడు ఒక స్పోర్ట్స్ మోటారుసైకిలు కొన్నాడు. గుర్రపు పందెములో రౌతు వలె ముందుకు వంగి కూర్చోవలసిన బండి అది. సంక్రాంతికి దానిపై ఇంటికి వస్తాననీ, పండుగ వెళ్ళిన తరువాత మిత్రులతో అరకులోయ దాకా పోయి వస్తాననీ తల్లికి చెప్పినాడు. అక్కగారు మాకు ఫోను చేసి, "తమ్ముడూ, రేడియోలో లోకమంతటికీ చెప్తావు గదా, ఆ బండి మీద అంతదూరము పోవచ్చునో లేదో నాకొక్క మాట చెప్పు" అన్నారు.

ఒక్క మాటలో తేలే సంగతి కాదని మాకు తోచినది. చదివి చెప్పుట కంటే ఎక్కి చూచి చెప్పుట మేలని, మేనల్లుని అడిగి బండి తీసుకొని, ఒక ఆదివారము తెల్లవారుజామున మోతెకు బయలుదేరినాము. మా వయస్సు నలుబది దాటినది. యౌవనములో బుల్లెట్టు నడిపిన అనుభవము మాత్రము కలదు.

హైదరాబాదు నుండి సూర్యాపేటకు సుమారు 135 కిలోమీటర్లు. అక్కడ విజయవాడ రహదారిని విడిచి ఖమ్మము దారి పట్టవలెను. పంతంగి టోలు గేటు వరకు ప్రయాణము ఆనందముగానే సాగినది. చల్లని గాలి, నున్నని బాట, చేతిలో చురుకైన యంత్రము. మేనల్లుని మోజు అకారణము కాదని ఒప్పుకొన్నాము. చిట్యాల చేరేసరికి మెడ పట్టివేసినది. నార్కెట్‌పల్లి వద్ద మణికట్లు నొప్పి పెట్టినవి. నకిరేకల్లు దాటి, మూసీ వంతెన మీదికి వచ్చేసరికి కుడి అరచేయి మొద్దుబారినది. అయినను ఆగలేదు. ఇంకెంత దూరము, సూర్యాపేటలో టీ త్రాగుదమనుకొన్నాము. సూర్యాపేట వచ్చిన తరువాత, ఇక మోతెలోనే త్రాగుదమనుకొన్నాము.

ఖమ్మము దారిలో ఒక చోట రెండు గేదెలు హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చినవి. ముందు బ్రేకు నొక్కినాము. నొక్కినామని బుద్ధికి తెలిసినది గాని వ్రేళ్ళకు తెలియలేదు. ఎంత బలముగా నొక్కితిమో, అసలు నొక్కితిమో లేదో స్పర్శ చెప్పలేదు. వెనుక బ్రేకు కాలితో త్రొక్కితిమి గనుక బండి ఆగినది. గేదెకూ మాకూ నడుమ జానెడు చోటు మిగిలినది. దాని వెనుక వచ్చిన ముసలాయన మమ్ము ఏమీ అనలేదు. గేదెను మాత్రము తిట్టినాడు.

జరిగినదేమనగా, మోచేతి వెనుక నుండి అరచేతి అంచు మీదుగా చిటికెన వ్రేలికి పోయే నరము ఒకటి కలదు. వైద్యులు దానిని అల్నార్ నరమంటారు. పై దేహపు బరువంతా అరచేతిపై మోపి గంటల తరబడి కూర్చుంటే ఆ నరము నలుగుతుంది. స్పర్శ తగ్గి, పిడికిలి పట్టు సడలుతుంది. దూరములు త్రొక్కే సైకిలు పందెగాండ్రకు ఇది చిరపరిచితమైన బాధ. కనుక సుఖము అన్న మాటను విలాసముగా భావించరాదు. చేయి మొద్దుబారినచో బ్రేకు మొద్దుబారినట్లే.

మరి ఇంత కష్టపెట్టే ఆసనమును తెలిసిన ఇంజనీర్లు ఎందుకు కల్పించినారు? ఈ ఆసనము పుట్టినది పందెపు బాటలపై. గంటకు 160 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి రొమ్మును వెనుకకు త్రోస్తుంది. వంగిన దేహము ఆ గాలిపై ఆనుకొంటుంది. మణికట్టుపై బరువు తేలిపోతుంది. గాలి త్రోపు వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగుతుంది. అనగా 80 కిలోమీటర్ల వద్ద లభించే ఆసరా, 160 వద్ద లభించే దానిలో నాల్గవ వంతు మాత్రమే. తక్కిన బరువు మోయవలసినవి చేతులే. కేంద్రప్రభుత్వము 2018లో వెలువరించిన ప్రకటన ప్రకారము నాలుగు వరుసల రహదారిపై మోటారుసైకిలుకు గరిష్ఠవేగము 80 కిలోమీటర్లు. ఆసనమునకు కుదిరే వేగము చట్టమునకు కుదరదు. చట్టమునకు కుదిరే వేగమున ఆసనము కుదరదు.

ఇందులో మరొక మోసము కలదు. కట్టంగూరు ప్రాంతమున మా చేతుల నొప్పి కొంత తగ్గినట్లు తోచినది. అలవాటు పడినామని సంతోషించినాము. మీటరు చూడగా ముల్లు నూరు దాటి ఉన్నది. వేగము పెంచుదమని మేము అనుకోలేదు. నొప్పి మాచేత పెంచించినది. నలుబది దాటినవాని గతి ఇదైనప్పుడు ఇరువదిమూడేండ్ల కుర్రవాని సంగతి చెప్పవలెనా!

మన మార్కెట్టులో ఈ జాతి బండ్లు ఎల్లప్పుడూ ఇంత కఠినముగా లేవు. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మాకు 223 సీసీ యంత్రముండేది. రూపము పందెపు బండిదైనను హ్యాండిలు కొంత ఎత్తుగా ఉండుటచే ఎందరో యువకులు దానిపై దేశము తిరిగినారు. 2008లో యమహా ఆర్15 వచ్చినది. దాని మొదటి నమూనాకు ఒకే పొడవైన సీటు. 2011 నమూనాలో సీటు రెండు ముక్కలై వెనుక భాగము పైకి లేచినది. 2018 నాటి మూడవ నమూనాలో నడిపేవారు మరింత వంగవలసి వచ్చినది. పందెపు పోలిక పెరిగిన కొద్దీ ప్రయాణపు పోలిక తగ్గినది. ఈ రెండింటినీ పొసగించుట అసాధ్యము కాదు. 1976లోనే జర్మనీ వారి బీఎండబ్ల్యూ, ఆర్100 ఆర్ఎస్ అను బండికి నిండు గాలితొడుగు అమర్చి, రౌతుకు గాలి దెబ్బ తగలకుండ చేసినది. 1973లో లండను నుండి బయలుదేరి నాలుగేండ్లలో లక్ష కిలోమీటర్లకు పైగా భూమిని చుట్టివచ్చిన టెడ్ సైమన్ గారి వాహనము 500 సీసీ ట్రయంఫ్. నేటి కుర్రవాండ్ర కంటికి అది ఆనదు.

మోతెకు చేరిన తరువాత అక్కగారిని వెనుక కూర్చోమన్నాము. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది సీటా, పీటా? చీర కట్టుకొన్నదాన్ని ఎక్కడ పట్టుకొని కూర్చోవాలి?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్న. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి వెనుక కూర్చొనువారికి పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు ఆధారము, బట్టలు చక్రములో పడకుండ సగము చక్రమునకైనా అడ్డు ఉండవలెనని చెప్తున్నది. అవి ఉన్నంత మాత్రమున ఆ ఎత్తైన చిన్న సీటుపై పెద్దవారు నూరు కిలోమీటర్లు కూర్చోగలరని కాదు. మా అభిప్రాయములో ఈ బండి ఒంటరివాని బండి.

తిరుగు ప్రయాణములో మేము కొంత నేర్చుకొన్నాము. మోకాళ్ళతో ట్యాంకును గట్టిగా నొక్కిపట్టి, నడుము బిగించినచో బరువు తొడలపైకి మారి చేతులు తేలికపడతాయి. మోచేతులు బిగుసుకొనకుండ కొంచెము వంచి ఉంచవలెను. ట్యాంకుపై చిన్న సంచి కట్టుకొంటే రొమ్ముకు ఆసరా దొరుకుతుంది. వీపుపై బరువు సంచి వ్రేలాడదీసుకొనుట మాత్రము కూడదు. అది కూడ చేతులకే చేరుతుంది. వీటన్నిటి కంటె పని చేసినది దిగుట. గంటకొకసారి దిగి, నీరు త్రాగి, పది నిమిషములు నడిచినాము. చేయి మొద్దుబారలేదు. పట్టిన కాలము గంట ఎక్కువ.

మేనల్లునికి ఇదంతా చెప్పినాము. అరకు మాట అతడు విడువలేదు గాని, రెండు రోజులలో పోవలెనన్న పట్టు విడిచి నాలుగు రోజులకు ఒప్పుకొన్నాడు. రాత్రులు నడపనని కూడ మాట ఇచ్చినాడు. మోతెకు వచ్చేటప్పుడు చౌటుప్పల, నార్కెట్‌పల్లి, నకిరేకల్లు, సూర్యాపేట, ఈ నాలుగు చోట్ల దిగుతానన్నాడు. అక్కగారు దానికొక షరతు చేర్చినారు. సూర్యాపేటలో దిగినప్పుడు ఫోను చేయవలెను. ఆమె అప్పుడే బియ్యము పొయ్యి మీద పెట్టుతారట.