పగడపు తొట్టెలో నాచు: మేలు, కీడు

చెఱువు మెట్లపై కాలు జాఱినవాడెవ్వడును నాచును మెచ్చుకొనడు. బావి గోడను పట్టినను, కుండీ యడుగున పేరుకొన్నను దానిని గోకి పాఱవేయుటయే మన యిండ్లలో వాడుక. కాని ఉప్పునీటి తొట్టెలో పగడములను పెంచువారి తీరు వేఱు. వారు నాచు కొఱకు ప్రత్యేకముగ నొక అఱను కట్టుదురు. దానిపై నొక దీపము వ్రేలాడదీయుదురు. రాత్రియెల్ల ఆ దీపమును వెలిగించి యుంచుదురు. ఆ నాచే అఱను దాటి పగడముల నడుమ తలయెత్తెనా, అదే మనుష్యులు గంటలకొలది కూర్చుండి దానిని పోగుపోగుగ పెఱికివేయుదురు. ఒకే వస్తువు ఒక అఱలో అతిథియు, ప్రక్క అఱలో దొంగయు నగుట యెట్లు? నాచు వలన ఇట్టి తొట్టెకు కలుగు మేలెంత, కీడెంత యను విషయమును నేడు మనము విచారింతము.

ముందుగా తొట్టె స్వభావమును తెలిసికొనవలెను. పగడపు దిబ్బలుండు ఉష్ణమండల సముద్రములలో నీరు తేటగ నుండును. మొక్కలకు ఎరువైన నైట్రేటు, ఫాస్ఫేటు లవణములు అందు మిక్కిలి స్వల్పము. ఇంటి తొట్టెలో నున్నది కొలది వందల లీటర్ల నీరు మాత్రమే. అందు చేపలకు దినదినము మేత వేయుదుము. తిన్నది విసర్జనమగును, తినక మిగిలినది కుళ్లును. రెంటినుండియు అమ్మోనియా పుట్టును. రాళ్లను ఆశ్రయించి బ్రతుకు సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ఫాస్ఫేటు కూడ మేతతోనే వచ్చి చేరును. సముద్రమునకు ప్రవాహములున్నవి, లోతులున్నవి. తొట్టెకు అవి లేవు. మనము వేసిన చిటికెడు మేత యేదో యొక రూపమున ఆ నీటిలోనే యుండిపోవును.

మన పెరళ్లలో స్నానపు నీరు పాఱు చోట అరటిపాదు పెట్టుట పెద్దలనాటి పద్ధతి. మురికియై నిలువవలసిన నీరు అచ్చట ఆకై, గెలయై లేచును. తొట్టెలో నాచు చేయు పనియు నిదియే. అది నైట్రేటును, ఫాస్ఫేటును త్రాగి తన శరీరమును పెంచుకొనును. మనము దానిని కోసి బయటికి తీసినచో, ఆ లవణములు దానితోడ బయటికి పోవును. ఇచ్చట మఱువరాని మాట యొకటి కలదు. నాచు పెరిగినంత మాత్రమున తొట్టె శుభ్రపడినట్లు కాదు. కోసి తీసినపుడే శుభ్రపడినట్లు. కోయని నాచు బ్యాంకులో వేసిన ధనము వంటిది. ఏనాటికైనను వెనుకకు రాగలదు.

నాచు ఈ లవణములను సమపాళ్లలో తీసికొనదు. సముద్రపు అడుగున పెరుగు నాచులను పరీక్షించి అట్కిన్సన్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు 1983లో ప్రకటించిన లెక్క ప్రకారము, వాని శరీరములో సగటున ఒక్క భాస్వరపు పరమాణువునకు 30 నత్రజని పరమాణువులును, 550 కర్బన పరమాణువులును ఉండును. కావున నీటిలో నత్రజని తఱిగిపోయినచో, ఫాస్ఫేటు ఎంత మిగిలియున్నను నాచు పెరుగుట మానును. నాచు పెట్టితిమి గదా, ఇక నీటిని పరీక్షింపనక్కఱలేదని తలచువారు మోసపోవునది ఇచ్చటనే.

రెండవ మేలు రాత్రివేళ కలుగును. పగలు దీపకాంతిలో కిరణజన్య సంయోగక్రియ జరిగి నీటిలో ప్రాణవాయువు నిండును. రాత్రి ఆ క్రియ ఆగిపోవును. చేపలు, పగడములు, సూక్ష్మజీవులు అన్నియు శ్వాసించి కార్బన్ డయాక్సైడును విడుచును. అందువలన నీటి క్షారగుణము తెల్లవాఱుసరికి కొంత దిగజాఱును. పెద్ద తొట్టెలో దీపము ఆఱిన వెంటనే నాచు అఱలో దీపము వెలిగించినచో, ఆ నాచు రాత్రియెల్ల కార్బన్ డయాక్సైడును తీసికొని ప్రాణవాయువు నిచ్చుచుండును. అఱలో రాత్రియెల్ల దీపముంచుటలోని మర్మ మిదియే.

మూడవది, ఆశ్రయము. నాచు పోగుల నడుమ రొయ్యల జాతికి చెందిన, కంటికి ఆనీ ఆనని చిన్న ప్రాణులు వేలకొలది పుట్టి పెరుగును. చేపలు వానిని వెంటనే తినివేయకుండ కాపాడు చోటు గనుకనే ఆ అఱకు రెఫ్యూజియమ్, అనగా శరణాలయము, అను పేరు వచ్చినది. అచ్చటినుండి కొన్ని కొన్ని నీటితో పాటు పెద్ద తొట్టెలోనికి పోయి చేపలకు జీవాహారమగును.

ఈ యూహను పెద్ద యెత్తున ఆచరణలో పెట్టినవారిలో వాల్టర్ ఏడీ ముఖ్యుడు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో పని చేసిన ఈ శాస్త్రజ్ఞుడు, 1980లో వాషింగ్టన్ నగరపు ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో సజీవమైన పగడపు దిబ్బ నొకదానిని తొట్టెలో నెలకొల్పెను. నీటిని శుభ్రపఱచుటకు ఆయన వాడినది పచ్చిక వలె కుఱుచగ పెరుగు నాచు. వల వంటి తెఱపై నాచును పట్టనిచ్చి, దానిపై అల వచ్చినట్లు నీటిని విడిచి విడిచి పోయుచు, బలమైన దీపకాంతిలో పెంచి, ఎప్పటికప్పుడు గోకి తీయుట ఆ పద్ధతి. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ నగరమున 1987లో తెఱచిన మహా ఆక్వేరియములో గూడ ఈ నాచు తెఱలనే అమర్చిరి.

ఇంతవఱకు మేలు చెప్పితిమి, ఇక కీడు. నాచు అఱలకు చాలకాలము ప్రియమైనది కాలెర్పా అను జాతి. చూచుటకు తీగ, ఆకులు, వేళ్లు వేఱువేఱుగ నున్నట్లుండునే గాని, నిజమునకు మొక్క మొత్తము ఒకే యొక మహాకణము. లోపల అడ్డుగోడలు లేవు. సంతానోత్పత్తి సమయము వచ్చినపుడు ఇది తనలోని సారమునంతటిని బీజకణములుగ మార్చి ఒక్క పెట్టున నీటిలోనికి విడిచిపెట్టును. సాయంకాలము పచ్చగ నున్న తీగ తెల్లవాఱుసరికి గాజువలె పాలిపోవును; తొట్టె నీరు పాలవలె కలగును. నెలల తరబడి అది దాచుకొన్న లవణములన్నియు ఒక్క రాత్రిలో తిరిగి వచ్చును. ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచును. బ్యాంకు ధనము వెనుకకు వచ్చుట యనగా నిదియే.

రెండవ కీడు పగడముతోడి పోరు. అసలు పగడమును నాచును పుట్టుపగవారని తలచుట పొరపాటు. దిబ్బలు కట్టు పగడపు ప్రాణి తన కండలోనే ఏకకణ శైవలములను చదరపు సెంటీమీటరునకు లక్షలకొలది పోషించుచున్నది. అవి తయారుచేయు చక్కెరలే దానికి ముఖ్యాహారము. రాళ్లపై గులాబివన్నెతో గట్టిపడు సున్నపు నాచు దిబ్బను సిమెంటువలె అదిమి పట్టును. కాని పోగులు పోగులుగ పెరుగు నాచు అట్టిది కాదు. అది వెలుతురును అడ్డును, పగడమును ఒరయును, తాను చేసిన చక్కెరలను నీటిలోనికి విడుచును. ఆ చక్కెరలను తిని సూక్ష్మజీవులు విజృంభించి, పగడపు ఉపరితలమున ప్రాణవాయువును హరించి దానిని చంపగలవని 2006లో జెన్నిఫర్ స్మిత్ బృందము చేసిన ప్రయోగములలో తేలినది. అనగా నాచు ముట్టుకొనకయే చంపగలదు.

సముద్రములో ఈ పోరు ఫలితము ఏమగునో జమైకా తీరము చూపినది. డయాడెమా యను, ఒడలెల్ల పొడవైన ముండ్లుగల ప్రాణి అచ్చటి దిబ్బలపై నాచును మేయుచుండెడిది. 1983లో మొదలైన తెగులుతో కరీబియన్ సముద్రమంతట అవి నూటికి తొంబదికి పైగ చనిపోయినవి. నాచును తిను చేపలను అంతకు ముందే మనుష్యులు పట్టి తఱిగించియుండిరి. ఫలితముగ, 1977 నాటికి దిబ్బపై నూటికి 52 పాళ్లున్న పగడము 1993 నాటికి 3 పాళ్లకు దిగినది. 4 పాళ్లున్న నాచు 92 పాళ్లకు పెరిగినది. మేయువాడు లేని చోట నాచుకు హద్దు లేదు. తొట్టెలో నత్తలును, నాచుతిండి చేపలును, మన చేతియందలి కత్తెరయు ఆ మేయువారి స్థానము నందున్నవి.

మూడవ కీడు దీనికి సరిగ ఎదురైనది. నాచు మిక్కిలి బలిసినచో నీటిలో నైట్రేటును, ఫాస్ఫేటును శూన్యము చేయును. పగడములోని శైవలములకు గూడ కొంత ఎరువు కావలెను గదా! అది లేక పగడములు వన్నె తఱిగి పాలిపోవును. నీటిలోని ఇనుము వంటి సూక్ష్మద్రవ్యములు తఱుగును. మఱియు నాచునుండి కారు పదార్థములు నీటికి పసుపు వన్నె దెచ్చి, దీపకాంతిని లోనికి పోనీయవు. బొగ్గుపొడిలో వడగట్టినగాని ఆ రంగు పోదు.

నాలుగవది అన్నిటికంటె గొప్ప కీడు. అది తొట్టెకు కాదు, సముద్రమునకు. కాలెర్పా టాక్సిఫోలియా అను నాచులో చలికి తాళు రకమొకటి జర్మనీలోని స్టుట్‌గార్టు నగరపు విల్హెల్మా జంతుశాల తొట్టెలలో పెరిగి, అచ్చటినుండి ఇతర ఆక్వేరియములకు పోయినది. 1984లో ఆ తీగ మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాల క్రింది తీరమున, మధ్యధరా సముద్రపు టడుగున, సుమారు ఒక చదరపు మీటరు మేర కనబడినది. 1989 నాటికి అది ఒక హెక్టారు మేర వ్యాపించినదని అలెగ్జాండర్ మేనెజ్ అను శాస్త్రజ్ఞుడు హెచ్చరించెను. తీగలో విషముండుటచే అచ్చటి ప్రాణులలో పెక్కు దానిని ముట్టవు. ఓడల లంగరులకు తగిలిన తునక ఎచ్చట పడిన అచ్చట మొలచును. అధికారులును పండితులును బాధ్యత యెవరిదని వాదించుకొనుచుండగనే అది వేల హెక్టార్లకు ప్రాకి, సముద్రపు గడ్డి మైదానములను కప్పినది. తరువాతి కాలమున పలుచోట్ల తగ్గుముఖము పట్టినను, మొదటి చదరపు మీటరును పెఱికియుండినచో ఈ కథయే లేకపోయెడిది. సముద్రములోని తీగయు, ఆక్వేరియములలోని తీగయు ఒక్కటే యని 1998లో జన్యుపరీక్షలు నిర్ధారించినవి.

2000వ సంవత్సరమున అదే తీగ అమెరికాలో కాలిఫోర్నియా తీరమునందలి కార్ల్స్‌బాడ్ ఉప్పుకయ్యలో కనబడినది. ఈసారి ఎవ్వరును వాదించుచు కూర్చుండలేదు. తీగపై నల్లని పట్టాలు పఱచి, అంచులు బిగించి, లోపలికి క్లోరిన్ ఎక్కించిరి. 2006లో నిర్మూలనము పూర్తియైనదని ప్రకటించునప్పటికి డెబ్బది లక్షల డాలర్లకు పైగ వ్యయమైనది. తొట్టె కడిగిన నీటిని కాలువలో పోసిన చేయి ఎవ్వరిదో గాని, దాని ఖరీదు అంత!

ఇది దూరదేశపు మాట యని మనము ఊరకుండరాదు. సాగు కొఱకు తెచ్చిన కప్పాఫైకస్ అను పరదేశపు నాచు తమిళనాడులోని మన్నారు సింధుశాఖలో కురుసడై దీవి యొద్ద పగడములపై ప్రాకినట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది తొట్టెనుండి పోయినది కాకపోయినను, పాఠమొక్కటే. మఱియొక మాట. మన దేశమున సముద్రపు పగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. దిబ్బలనుండి వానిని తీయుట నేరము. ఉప్పునీటి తొట్టె పెట్టదలచినవారు అందేమి ఉంచుట చట్టసమ్మతమో ముందు తెలిసికొని, పిదప చేప, నాచు కొనుట మంచిది.

పెట్టువారు పాటింపదగిన నియమములు కొన్ని చెప్పి ముగింతము. నాచును పెద్ద తొట్టెలో కాక వేఱు అఱలో పెంచవలెను. కాలెర్పాకు బదులు, చేపల గాలపు దారము చిక్కుపడినట్లుండు కీటోమోర్ఫా మేలు. అది కాలెర్పా వలె ఒక్క రాత్రిలో కరగి నీటిని చెఱచుట అరుదు. వేళ్లూనదు గనుక తీయుట సులువు. క్రొత్తగ తెచ్చిన నాచును, రాళ్లను కొన్నాళ్లు వేఱు నీటిలో నుంచి చూడవలెను. వారమునకో, రెండు వారములకో మూడవవంతు కోసి తీయవలెను. నైట్రేటును, ఫాస్ఫేటును కొలుచుచు, అవి శూన్యము కాకముందే దీపపు గంటలు తగ్గింపవలెను. కోసిన నాచును కాలువలో గాని, చెఱువులో గాని, సముద్రములో గాని వేయరాదు. పెళపెళలాడునట్లు ఎండబెట్టియో, ఒక దినము మంచుపెట్టెలో గడ్డకట్టించియో పాఱవేయవలెను. ఆ జాగ్రత్త తొట్టె కడిగిన నీటికిని వర్తించును.

నాచు తనంతట తాను మంచిది కాదు, చెడ్డది కాదు. వెలుతురును ఎరువును ఉన్న చోట పెరుగుటయే దానికి తెలిసిన పని. హద్దు గీయుట, కోత కోయుట, కోసినదానిని ఎచ్చట వేయుచున్నామో చూచుకొనుట మన పని. ఆ మూడును చేయగలవారు నాచును నిర్భయముగ పెంచవచ్చును. చేయలేనివారు నీటిని మార్చుకొనుచు, మేత తగ్గించి, నాలుగు చేపలతో తృప్తిపడుట తమకును మేలు, సముద్రమునకును మేలు.