పిల్లల బీపీ ఒక్క చూపుతో తేలదు

(సోలాపూర్ శాఖ సభ్యుల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగం)



బోనసు సంగతి అధ్యక్షులవారు చెప్పారు. మేము పిల్లల సంగతి చెబుతాం.

బీపీ మనకు కొత్త కాదు. సాంచాల దగ్గర జీవితం అరగదీసిన మాబోటివాళ్ల జేబుల్లో మాత్రలు ఉండనే ఉంటాయి. కానీ పదిహేనేళ్ల పిల్లకు బీపీ ఉందని ఒక తమ్ముడు ఆఫీసుకు వచ్చి చెబితే మేమంతా నవ్వాం. అది మా తప్పు.

ఒక శిబిరంలో ఆ అమ్మాయికి 142/90 ఉందన్నారు. తండ్రి హడలిపోయి, తన మాత్ర సగం విరిచి పిల్లకు ఇచ్చాడు. మర్నాడు పిల్ల బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. పెద్దల మందు పిల్లలకు పెట్టడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. మేము నవ్వకుండా దవాఖానకు వెంటబెట్టుకుపోయి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

తరువాత తీసుకుపోయాం. డాక్టరమ్మ మొదట అడిగింది మందు గురించి కాదు, చేతికి కట్టిన పట్టీ గురించి. లావు చేతికి ఇరుకు పట్టీ కడితే బీపీ లేనిది కూడా ఎక్కువగా చూపిస్తుందట. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూడకూడదు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అలా మూడు వేర్వేరు రోజులు చూడాలి. పదమూడు నిండిన పిల్లలకు 120/80 లోపు ఉంటే మామూలు. మూడుసార్లూ 130/80 గాని అంతకు మించి గాని ఉంటే అది రక్తపోటే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన లెక్క ఇది. అంతకంటే చిన్నపిల్లలకు వయసు, ఎత్తు చూసి పట్టికలో లెక్క కట్టాలి.

శిబిరం లెక్క తప్పే అయివుంటుందని మేము ఆశపడ్డాం. కాని సరైన పట్టీతో చూసినా 134, 132, 134 వచ్చింది. మూత్రం, రక్తం పరీక్ష చేశారు, ఎందుకంటే పిల్లల్లో మూత్రపిండాల జబ్బు వల్ల కూడా బీపీ వస్తుంది. అదృష్టం, అదేమీ లేదు. మందు ఇప్పుడే వద్దన్నారు. పచ్చడి, అప్పడం, బేకరీ సరుకు తగ్గించి, రోజూ గంటసేపు ఆడుకోమన్నారు. మూడు నెలలకు మళ్లీ చూస్తారు.

ఒక హెచ్చరిక. బీపీ ఎక్కువగా ఉండి, గట్టి తలనొప్పితో చూపు మసకబారినా, మూర్ఛ వచ్చినా మూడు రోజులు ఆగవద్దు. ఆ గంటలోనే దవాఖానకు పరుగెత్తండి.

ఈఎస్ఐలో మన పిల్లలకూ వైద్యం ఉంది. ఆ తమ్ముడు కూతురి పేరు రాయించనేలేదు, అందుకే వారం ఆలస్యమయింది. రాయించనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఆదివారం పొద్దున పది గంటలకు కార్డు, పిల్లల ఆధార్ తీసుకుని యూనియన్ ఆఫీసుకు రండి. ఫారాలు మేము నింపి ఇస్తాం.